నిద్ర లేపే విధానం

రికార్డుల గదిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసిన మనిషిని రిటైరయ్యాక ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో ఆవిడ ఇంట్లోవాళ్ళకు నెల తిరక్కుండానే తెలిసొచ్చింది. మందుల డబ్బాకు రిజిస్టరు పెట్టింది. దుప్పట్లకు నంబర్లు కుట్టింది. ఏ గరిటె ఏ మేకుకు తగిలించాలో కోడలికి తెలిసేలా వంటింటి గోడకు పట్టిక అంటించింది. తల్లిని ఏమీ అనలేక, పెళ్ళాం చేత మాట పడలేక నలిగిపోయిన కొడుకు చివరికి పేపర్లో వచ్చిన ఒక ప్రకటన కత్తిరించి ఆవిడ టీ కప్పు కింద పెట్టాడు. పల్లెటూళ్ళో ఉన్న పిల్లల హోమ్‌కు సేవాభావం గల విశ్రాంత ఉద్యోగులు కావాలని ఉంది అందులో. సేవాభావం సంగతి దేవుడెరుగు, ఏదో ఒక ఉద్యోగమైతే చాలనుకున్న ఆవిడ మర్నాడే పెట్టె సర్దుకుంది.

ఆ హోమ్ తారు రోడ్డు ఆగిపోయిన చోటుకు ఇంకో మైలు అవతల ఉంది. రెండు పొడుగాటి గదులు, రేకుల వంటిల్లు, ఒక చేతిపంపు, ముప్పై ఒక్క మంది పిల్లలు. గదుల్లో ప్రతి వస్తువు మీదా ఇచ్చినవాళ్ళ పేరుంది. పళ్ళేల మీద ఉంది, బల్లల మీద ఉంది, ఆఖరికి ఫాను రెక్కల మీద కూడా ముగ్గురు అన్నదమ్ముల పేర్లు తలా ఒక రెక్క చొప్పున ఉన్నాయి. ఫాను తిరిగితే పేర్లు కనబడవు కాబట్టి, అన్నదమ్ములు చూడటానికి వచ్చిన రోజున ఫాను ఆపేసేవారు. పిల్లలు చెమటలు కారుస్తూ నిలబడి, చల్లటి గాలి ఇచ్చినందుకు వాళ్ళకు కృతజ్ఞతలు చెప్పేవారు. వరండాలో పెద్ద కంచుగంట వేలాడుతూ ఉండేది. దాని మీద దాత పేరు, ఆయన తండ్రి పేరు, ఫోన్ నంబరు కూడా చెక్కి ఉన్నాయి. అంత ఘనమైన గంటను ఆ హోమ్‌లో ఎవరూ కొట్టడం లేదన్నది కార్యదర్శిగారి బెంగ.

కార్యదర్శిగారు చెడ్డమనిషేం కాదు. వారానికి రెండుసార్లు స్కూటరు మీద వచ్చి, ఎదురొచ్చిన పిల్లల తలలు నిమిరి, కాగితాల మీద సంతకాలు పెట్టి వెళ్ళేవారు. గళ్ళన్నీ నిండిన కాగితం చూస్తే ఆయనకు కడుపు నిండేది. ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆ పూట ఆయనకు అన్నం సయించేది కాదు. అలాంటి మనిషి దగ్గరకు రికార్డుల గదిలోంచి నేరుగా ఈవిడ వచ్చి పడింది. గంతకు తగ్గ బొంత దొరికిందని హోమ్ వంటమనిషి అననే అంది. పిల్లలు మాత్రం ఎప్పుడూ చంకలో పుస్తకంతో తిరిగే ఆ కొత్త మనిషికి రికార్డు మామ్మ అని పేరు పెట్టేసుకున్నారు.

మొదటి రోజు తెల్లవారుతూనే రికార్డు మామ్మ చేతి గడియారం చూసుకుంటూ గదిలోకి వచ్చేసరికి, అక్కడ ఆయా పిల్లల్ని లేపుతోంది. యాభై దాటిన మనిషి. పొట్టి, గట్టి. పిల్లలు ఆమెను పెద్దమ్మ అంటారు. ఆమె ఒక్కొక్క చాప దగ్గరా ఆగుతోంది. ఒకడి బొటనవేలు పట్టి మెల్లగా లాగింది. ఇంకొకడి చెవిలో, నీ పలక ఎవరో తీశారు రోయ్ అంది. వాడు దొంగను పట్టుకోవడానికన్నట్టు లేచి కూర్చున్నాడు. ఒకదాన్ని లేపి, అది మళ్ళీ పడుకుంటే ఊరుకుని, రెండోసారి లేపి, మూడోసారి లేపింది. దానికి నత్త అని పేరు. మూడోసారికే లేస్తుందని తెలిసినప్పుడు మొదటి రెండు సార్లు ఎందుకని రికార్డు మామ్మ అడిగితే, మొదటి రెండూ లేకపోతే మూడోది ఎలా వస్తుంది అని ఎదురు అడిగింది ఆయా.

ఆ పని మొత్తానికి నలభై నిమిషాలు పట్టింది. గంట కొడితే అర నిమిషం చాలు. రికార్డు మామ్మ ఆ తేడాను పుస్తకంలో రాసుకుంది. రాసుకున్నాక, ఒక్క పిల్ల కూడా ఏడవలేదన్నది గమనించి, దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక పెన్ను మూసేసింది.

అలా నెలా రెండు నెలలు గడిచేసరికి ఆవిడకు ఆయా మీద మమకారం పెరిగిపోయింది. ఆయా చదువు అంతంత మాత్రం. తన పేరు రాస్తుంది, అదీ తొందర పెట్టకపోతే. ఇరవై రెండేళ్ళ కిందట రెండో గది కడుతున్నప్పుడు ఇటుకలు మోయడానికి వచ్చింది. అప్పటి వార్డెను ఎంత కేకలేసినా ఒక పిల్లాడు లేవకపోతే, తల మీది ఇటుకలు దించి, లోపలికి వెళ్ళి వాడిని లేపి, మళ్ళీ ఇటుకలు ఎత్తుకుంది. ఆ సాయంత్రం వార్డెను ఆమెను ఆపేసుకున్నాడు. మొగుడున్నాడా అని అడిగితే, ఉన్నాడు, పక్క ఊళ్ళో, ఇంకొకామెతో అని చెప్పింది. ఆయనా బాగానే ఉన్నాడు, నేనూ బాగానే ఉన్నాను, ఇద్దరం ఒకచోట ఉన్నప్పుడే ఎవరమూ బాగా లేమని నవ్వింది. ఆ నవ్వులో వెతికినా దుఃఖం కనబడలేదు.

ఇలా ఉండగా పైనుంచి ఒక ఉత్తరువు వచ్చింది. పిల్లల్ని చూసుకునేవాళ్ళు ఇకమీదట పదో తరగతి పాసై, పిల్లల పెంపకంలో సర్టిఫికెట్ తీసుకుని ఉండాలట. మూడు నెలల్లో తనిఖీ అధికారి స్వయంగా వచ్చి చూస్తారట. కార్యదర్శిగారు కాగితం చదివి, కళ్ళజోడు తుడుచుకుని, నాకు మాత్రం ఇష్టమా అన్నారు. పెద్దమనుషులు చేతులు దులుపుకునే ముందు అనే మాట అది.

రికార్డు మామ్మకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళు పెంచిన మనిషికి పెంచడం వచ్చునని కాగితం కావాలా? కావాలంటే కాగితమే ఇద్దాం అనుకుంది. ఆయాకు తెలిసినదంతా రాసి పెడితే, పిల్లకొక ఫైలు చొప్పున ముప్పై ఒక్క ఫైళ్ళు అధికారి ముందు పేరిస్తే, ఇంత తెలిసిన మనిషిని ఎవరు పొమ్మంటారు? ఆ ఊహ వచ్చిన పూట ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింది.

రోజూ మధ్యాహ్నం వంటింటి గడప మీద కూర్చుని ఆయా కూరలు తరుగుతూ చెప్పేది, మామ్మ రాసేది. ఫైలుకు పద్నాలుగు గళ్ళు. ఎత్తు, బరువు, చదువు, ఇష్టాలు, భయాలు ఇలా వెళ్ళి వెళ్ళి, పద్నాలుగోది 'నిద్ర లేపే విధానం'. మిగతా పదమూడూ ఏ హోమ్‌లోనైనా ఉంటాయి, ఇది మాత్రం మనదే అని మామ్మకు గర్వం. పిడుగు అనే తొమ్మిదేళ్ళవాడిని తలవైపు నిలబడి లేపకూడదట. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకుంటాడు, పాత ఇంట్లో అయిన అలవాటు. కాళ్ళవైపు నిలబడి దుప్పటి కొస లాగాలి. పిచ్చుక అనే ఆరేళ్ళ పిల్లకు కబుర్లు కావాలి. చెవి దగ్గర కూర్చుని, తెల్లారేలోపు ఏం జరిగిందో చెప్పనా అంటే చాలు, ఒక కన్ను తెరుస్తుంది. రెండో కన్ను తెరవాలంటే కబురు బాగుండాలి.

మూగనోము అనే పదేళ్ళ పిల్ల దగ్గరకు వచ్చేసరికి ఆయా కత్తిపీట ఆపింది. ఆ పిల్లను అందరికన్నా ముందు లేపాలి, పక్క మార్చాలి, ఆ సంగతి ఆ పిల్లతో కూడా అనకూడదు. అంతవరకు చెప్పి, "ఇది కూడా రాయాలా అక్కా?" అని అడిగింది.

"అన్నీ రాస్తేనే కదమ్మా, నీ విలువ వాళ్ళకు తెలిసేది" అంది మామ్మ. రాసింది. గుండ్రటి అక్షరాలతో, ఎవరికైనా అర్థమయ్యేలా రాసింది.

తనిఖీ అధికారి వచ్చిన రోజున ఫాను ఆపలేదు, ఆయన దాత కాదు కనక. ఆయన సగం పూట కూర్చుని ఫైళ్ళన్నీ చదివారు. పిడుగు ఫైలును ఆయన వెనక్కి తిప్పి రెండోసారి చదవడం మామ్మ కళ్ళారా చూసింది. కాగల కార్యం గంధర్వులే తీరుస్తున్నారని మురిసిపోయింది. ఆయన చివరి ఫైలు మూసి, తన ఉద్యోగ జీవితంలో ఇంత గొప్ప పని చూడలేదని, రాష్ట్రంలోని హోమ్‌లన్నీ దీన్ని చూసి నేర్చుకోవాలని అన్నారు. కార్యదర్శిగారు కుర్చీలో అంగుళం పైకి లేచారు.

అప్పుడు అధికారి చల్లగా తేల్చారు. "ఇన్నాళ్ళూ మీ హోమ్ ఒక్క మనిషి జ్ఞాపకశక్తి మీద నడిచింది. అది ప్రమాదం. ఇప్పుడు అంతా కాగితం మీద ఉంది కదా, ఇక ఎవరొచ్చినా నడుస్తుంది. నియమం ప్రకారం కొత్త మనిషిని వేసుకోండి."

మామ్మ బల్ల మీది ఫైళ్ళ కేసి చూసింది. తన చేత్తో తాను ఆయాను ముప్పై ఒక్క ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ ఒక్కో అట్టలో పెట్టి, తాడు కట్టి మరీ అప్పగించింది. మంచికి పోతే చెడు ఎదురవడం అంటే ఇదే. ఆయా అప్పుడే టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చింది. మాటలన్నీ విన్నది. అధికారి ఆమెను చూసి, నొచ్చుకోవద్దమ్మా అన్నారు. నొచ్చుకోవడానికేముందయ్యా, చదువుకున్న పిల్ల వస్తే మంచిదేగా అని, గ్లాసులు లోపల పెట్టి, వాటిని మామూలు కంటే ఎక్కువసేపు కడిగింది.

ఆయా స్థానంలో వచ్చిన కొత్త వార్డెనుకు ఇరవై నాలుగేళ్ళు. సర్టిఫికెట్‌ను ప్లాస్టిక్ కవర్లో దాచుకుని తెచ్చుకుంది. పాపం, దాని తప్పేమీ లేదు. పని కావాలి, పని పోకూడదు, చెప్పినట్టు చెయ్యాలి, అంతే తెలుసు. మొదటి రోజు ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని గది మధ్యలో స్టూలు వేసుకుంది. మసక వెలుతురులో పేర్లు సరిగా కనబడక, తప్పు చేస్తానేమోనన్న భయంతో, ప్రతి గడినీ పైకి చదువుకుంటూ పోయింది. మూగనోము ఫైలు కూడా పైకే చదివింది. పక్క తడుపుతుంది, అందరికన్నా ముందు లేపాలి, ఎవరికీ తెలియనివ్వరాదు అని చివరి అక్షరం దాకా, ముప్పై మంది వింటూ ఉండగా చదివింది.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. వాళ్ళూ పిల్లలే. మూగనోము దుప్పటి ముఖం మీదికి లాక్కుని ఆ పూట బడికి వెళ్ళలేదు. ఆ రోజు నుంచి వారం పాటు ఎవరితోనూ మాట్లాడలేదు. గుమ్మంలో నిలబడి అదంతా చూసిన రికార్డు మామ్మ తన గుండ్రటి అక్షరాలను తానే తిట్టుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కడుగుదామన్నా నీళ్ళు లేవు.

మర్నాడు తానే లేపుతానని బయల్దేరింది. పిచ్చుక పక్కన కూర్చుని, ఏం జరిగిందో చెప్పనా అంది. పిల్ల ఒక కన్ను తెరిచింది. చెప్పడానికి మామ్మ దగ్గర కబురు లేదు. కాసేపు వెతుక్కుని, నిన్న నీ బరువు పెరిగింది అంది. పిల్ల కన్ను మూసేసింది. పది రోజులు తంటాలు పడ్డాక వార్డెను, మామ్మ ఇద్దరూ అలసిపోయారు. బడికి ఆలస్యమవుతోందని ఫిర్యాదు వచ్చింది. అప్పుడు వరండాలో గంట మోగింది. దాత పేరు సార్థకమైందని కార్యదర్శిగారు ఆయనకు ఫోను చేసి చెప్పారు. ఫోన్ నంబరు గంట మీదే ఉంది కాబట్టి వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది.

మామ్మ ఊరుకోలేదు. ఆయాను తిరిగి తీసుకోవాలని కార్యదర్శిగారి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. పోరగా పోరగా ఆయన, పాము చావకుండా కర్ర విరగకుండా, ఒక తీర్మానం రాయించారు. పాత ఆయాను 'సలహాదారు' హోదాలో మూడు నెలలకోసారి ఒక పూట పిలిపించాలి. పిల్లల ఫైళ్ళలో మార్పులుంటే ఆమె చేత చెప్పించి సరిచేయించాలి. రావడానికి, పోవడానికి బస్సు ఖర్చులు ఇవ్వాలి. హోదా పెరిగింది కదా, ఇంకేం కావాలన్నారు ఆయన.

అన్నట్టే మూడు నెలలకు సలహాదారు వచ్చింది. ఈ మధ్య ఊళ్ళో ఉల్లిపాయల గోడౌన్లో కుళ్ళినవి ఏరే పనిలో ఉందట. దగ్గరకు వస్తే వాసన తెలుస్తోంది. పిల్లలు ఎగబడ్డారు. ఆమె అందరి వీపులూ తట్టి, మూగనోమును మాత్రం తట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుంది. మామ్మ ఫైళ్ళు తెచ్చి, మొదటిది తెరిచి, పద్నాలుగో గడి దగ్గర పెన్ను పెట్టి, మార్పులేమైనా ఉన్నాయా అని అడిగింది. అడుగుతుంటే తనకే సిగ్గేసింది.

ఆయా ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది. "తెలీదని రాయండక్కా."

రెండో ఫైలుకూ అదే మాట. మూడో ఫైలుకూ అదే. "మూడు నెలలైంది కదా నేను చూసి. పిల్లలు ఊరికే ఉంటారా, మారిపోతారు. మీరు రాసుకున్నది ఆనాటిది. ఈనాటిది నాకెలా తెలుస్తుంది?" గొంతులో నిష్ఠూరం లేదు. ఉల్లిపాయల్లో ఏది చెడిందో చెప్పినట్టే చెప్పింది.

మామ్మ ముప్పై ఫైళ్ళలో 'తెలియదు' అని రాసింది. ముప్పై ఒకటోది పిచ్చుకది. ఆ పిల్ల ఆయా మోకాలి మీద గడ్డం పెట్టుకుని వింటోంది.

"నాది నేను చెప్తా. నన్నెవరూ లేపక్కర్లేదు పెద్దమ్మా. నేనే ముందు లేస్తున్నా."

"ఎందుకే, అంత పొద్దున్నే?"

"గంటంటే నాకు భయం. అది కొట్టేలోపే లేచి కూర్చుంటే భయముండదు."

మామ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో కాగితం మీద చుక్క పడకుండా రాసిన మనిషి, కళ్ళజోడు తీసి కాగితం పక్కకు జరుపుకుంది. సరిగ్గా అప్పుడే వచ్చిన కార్యదర్శిగారు పిల్ల మాట సగం విన్నారు, తనకు కావలసిన సగం. 'గంటకు ముందే స్వయంగా మేల్కొంటున్నది' అని రాయమని, ఇది వార్షిక నివేదికలో వెయ్యాలని చెప్పి, పిచ్చుక తల నిమిరి వెళ్ళారు.

ఆయా బస్సుకు ఇంకా గంట టైముంది. లేచి, గదులన్నీ ఒకసారి చూసి, వెనకవైపుకు వెళ్ళి ముక్కు చిట్లించుకుని తిరిగొచ్చింది. బాత్రూములు కడిగే మనిషి ఏమైందని అడిగింది. మానేసి నెలన్నర అయింది, ఆ పనికి ఎవరూ రావడం లేదని మామ్మ చెప్పింది.

"దానికి కూడా పది పాసవ్వాలా?"

మామ్మ ఒక్కసారి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత ఆఫీసు గదిలోకి పరుగులాంటి నడకతో వెళ్ళి, నియమాల పుస్తకం తీసి పేజీలు తిప్పింది. వార్డెను, వంటమనిషి, కాపలాదారు, అందరికీ ఏదో ఒక చదువు రాసి ఉంది. పాకీ, ఊడ్చే పని దగ్గర చదువు అన్న గడి ఖాళీగా ఉంది. జీవితంలో ఖాళీ గడిని చూసి ఆవిడ సంతోషించడం అదే మొదలు. కానీ బయటకు వచ్చాక మనసొప్పలేదు. ఇరవై రెండేళ్ళు పెద్దమ్మ అనిపించుకున్న మనిషి ఇప్పుడు చీపురు, బకెట్టు పట్టుకుంటే ఊళ్ళో నవ్వరా అని అడిగింది. నవ్వేవాళ్ళు ఎలాగూ నవ్వుతారు, నాకు వాళ్ళను లేపే పని లేదుగా అంది ఆయా.

దరఖాస్తు మామ్మే రాసింది. పేరు, వయసు, అనుభవం గబగబా నిండిపోయాయి. చివరి గడిలో 'ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారు?' అని ఉంది. దాన్ని చదివి వినిపించి, ఏం రాయమంటావని అడిగింది.

"పొద్దున్నే గదులు ఊడవాలి కదక్కా. ఊడవాలంటే పిల్లలు చాపల మీద నుంచి లేవాలి. లేపాకే ఊడుస్తానని రాయండి."

రికార్డు మామ్మ అంతే రాసింది. ఎలా లేపుతుందో రాయలేదు.